సిస్టర్ అన్ని ప్రశ్నలు ఎందుకు అడుగుతుంది?

రోగిని ఇంటికి తీసుకువెళ్లే ముందు కుటుంబ సభ్యులు తెలుసుకోవలసిన సంగతులు



మీ ఇంటి మనిషిని వార్డులో చేర్చిన కాసేపటికే ఒక సిస్టర్ అట్ట, పెన్ను పట్టుకుని మంచం దగ్గరకు వస్తుంది. "నిన్నటి నుంచి ఏం తిన్నారు? మూత్రం ఎన్నిసార్లు వెళ్లారు? రాత్రి ఎన్ని తలగడలు వేసుకుని పడుకుంటారు? ఏయే మందులు వాడుతున్నారు? ఇంట్లో వంట ఎవరు చేస్తారు?" అని వరుసగా అడుగుతుంది. "ఇందాక డాక్టరుగారు అన్నీ అడిగారు గదమ్మా, మళ్లీ ఎందుకు?" అని చాలామంది విసుక్కుంటారు. నూజివీడు నుంచో అవనిగడ్డ నుంచో రోగిని వెంటబెట్టుకుని, కంగారుగా, నిద్ర లేకుండా వచ్చినవారికి ఆ విసుగు సహజమే. అందుకే ఆ ప్రశ్నలు ఎందుకో ఈ వ్యాసంలో వివరిస్తున్నాను.

డాక్టరుగారి ప్రశ్నలు జబ్బు ఏమిటో తేల్చడానికి. సిస్టర్ ప్రశ్నలు ఆ జబ్బుతో ఈ మనిషి ఎలా బ్రతుకుతున్నాడో తెలుసుకోవడానికి. రెండూ కలిస్తేనే వైద్యం. రోగి మా దగ్గర ఉండేది నాలుగైదు రోజులు. ఏడాదిలో మిగతా 360 రోజులు ఉండేది మీ దగ్గరే. కనుక ఇంటి దగ్గర మీరే నర్సులు. మా పనిలో సగం మిమ్మల్ని ఆ పనికి సిద్ధం చేయడం.

మంచం దగ్గర మేము చూసేవి

సిస్టర్ నాడి పట్టుకుని గడియారం వైపు చూస్తుంది. నాడి లెక్క అయిపోయాక కూడా చెయ్యి వదలదు. ఆ సమయంలో ఛాతీ కదలికను చూస్తూ నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తున్నారో లెక్కపెడుతుంది. "నీ ఊపిరి లెక్కపెడుతున్నాను" అని చెబితే ఎవరికైనా ఊపిరి మారిపోతుంది. అందుకే చెప్పకుండా చేస్తాము.

విశ్రాంతిగా ఉన్న పెద్దవారిలో నాడి నిమిషానికి 60 నుంచి 100 వరకు, ఊపిరి 12 నుంచి 20 వరకు ఉండటం మామూలు. బి.పి. 120/80 లోపు ఉంటే మంచిది. పదే పదే చూసినా 140/90 లేక అంతకంటే ఎక్కువ ఉంటే అధిక రక్తపోటు. జ్వరం 100.4 డిగ్రీలు దాటితే లెక్కలోకి తీసుకుంటాము. అయితే ఒక్క అంకె చూసి కంగారు పడకండి. పొద్దున 18 ఉన్న ఊపిరి సాయంత్రానికి 28 అయిందంటే ఆ మార్పే మాకు హెచ్చరిక. అందుకే అర్ధరాత్రి కూడా లేపి చూస్తాము.

కాలి ఎముక మీద బొటనవేలితో నొక్కితే గుంట పడి ఉండిపోతే ఒంట్లో నీరు చేరిందని అర్థం. నిన్నటి దాకా ఒక తలగడతో పడుకున్న మనిషి ఇప్పుడు మూడు తలగడలు ఉంటే తప్ప పడుకోలేకపోతే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతోందేమోనని అనుమానిస్తాము. తలగడల ప్రశ్న అందుకు. మూత్రం కొలిచి పెట్టమనేది గుండె, కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో తెలుసుకోవడానికి.

మాకంటే ముందు మీకు తెలిసే సంగతి ఒకటి ఉంది. "నాన్న ఇవాళ అదోలా ఉన్నాడు, మాట పొంతన లేదు" అని మీకు అనిపిస్తే వెంటనే చెప్పండి. ముసలివారిలో ఇన్‌ఫెక్షన్ వచ్చినా, షుగరు పడిపోయినా, ఒంట్లో సోడియం తగ్గినా మొదటి గుర్తు జ్వరం కాకపోవచ్చు. మనిషి తీరు మారడమే మొదటి గుర్తు కావచ్చు. ఆ తీరు ఎరిగినవారు మీరే.

దాచకూడని నాలుగు సంగతులు

1. వాడుతున్న మందులన్నీ. డాక్టరు రాసినవే కాదు, ఊళ్లో ఆర్.ఎం.పి. ఇచ్చినవి, నాటు మందులు, భస్మాలు, నొప్పుల బిళ్లలు కూడా. పొలం పని చేసేవారు ఒళ్లు నొప్పులకు రోజూ నొప్పి బిళ్ల వేసుకోవడం మన దగ్గర చాలా ఎక్కువ. ఆ బిళ్లలు కిడ్నీలను దెబ్బ తీయగలవు, బి.పి. పెంచగలవు, గుండె జబ్బు ఉన్నవారిలో నీరు చేర్చగలవు. ఎన్.టి.ఆర్. జిల్లా ఎ.కొండూరు మండలం తండాల్లో ఎన్నో కుటుంబాలు కిడ్నీ జబ్బుతో బాధపడుతున్నాయి. అలాంటి చోట్ల నుంచి వచ్చేవారు ఈ సంగతి మరీ జాగ్రత్తగా చెప్పాలి. పేర్లు గుర్తు లేకపోతే మందుల సంచి మొత్తం తీసుకురండి.

2. మానేసిన మందులు. "డబ్బు లేక నెల రోజులుగా కొనలేదు సిస్టర్" అని చెప్పడం నేరం కాదు. చెప్పకపోతే, మందు వేసుకుంటున్నా బి.పి. తగ్గలేదని అనుకుని మోతాదు పెంచుతారు. చెబితే అదే మందు తక్కువ ధరకు జన ఔషధి దుకాణంలో దొరుకుతుందేమో, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉచితంగా ఇస్తారేమో చూస్తాము.

3. మద్యం. రోజూ తాగే మనిషి ఆసుపత్రిలో హఠాత్తుగా మానేస్తే రెండు మూడు రోజుల్లో వణుకు, భయం, పిచ్చి మాటలు, ఫిట్స్ కూడా రావచ్చు. అది ప్రాణం మీదకు వచ్చే స్థితి. ముందే తెలిస్తే నివారించగలము. మీరు చెప్పింది మేము చికిత్సకు వాడతామే గాని తీర్పు తీర్చడానికి కాదు.

4. పడని మందులు. ఇదివరకు ఏ సూదికైనా, బిళ్లకైనా దద్దుర్లు, ఆయాసం, వాపు వచ్చి ఉంటే అడగకముందే చెప్పండి.

నాకు బుద్ధి చెప్పిన ఆవకాయ

నేను డిప్లొమా ముగించి ఉద్యోగంలో చేరిన కొత్తలో జరిగిన సంగతి ఇది. గుండె బలహీనమై, కాళ్లు వాచి వచ్చిన ఒక రైతు వారం రోజుల్లో కోలుకున్నారు. డిశ్చార్జి రోజున ఆయన భార్యతో, "అమ్మగారూ, ఉప్పు తగ్గించండి" అని చెప్పాను. ఆమె తల ఊపింది. కాగితం మీద "చెప్పడమైనది" అని రాసి సంతకం పెట్టాను.

మూడు వారాల తరువాత ఒక రాత్రి ఆయనను కూర్చోబెట్టి తీసుకువచ్చారు. పడుకోలేరు, మాట్లాడలేరు, పెదవులు నల్లబడ్డాయి. ఆక్సిజన్ పెట్టి, సూదులు చేసి, తెల్లవారేదాకా ఆయన పక్కనే ఉన్నాము. ఆమె వరండాలో కూర్చుని ఏడుస్తూ నాతో అన్నది: "మీరు చెప్పినట్టే కూరలో ఉప్పు వేయడమే మానేశాను సిస్టరమ్మా. చప్పిడి కూర నోటికి పోక రెండు పూటలా ఆవకాయ కలుపుకుంటున్నారు."

ఆ మాట విన్నాక నాకు నోట మాట రాలేదు. ఆమె తప్పేమీ లేదు. నేను చెప్పినంతా చేసింది. "రేపు ఏం వండుతారు? దానితో ఏం నంచుకుంటారు?" అని నేను అడగలేదు. దేవుని కృపవల్ల ఆయన ఆ రాత్రి గట్టెక్కారు. అందరికీ రెండో అవకాశం రాదు.

అప్పటినుంచి నేను చెప్పి ఊరుకోను. చెప్పిన తరువాత, "ఇప్పుడు మీరు నాకు చెప్పండమ్మా, ఇంటికి వెళ్లాక ఏం చేస్తారు?" అని అడుగుతాను. అది మీకు పరీక్ష కాదు. నేను అర్థమయ్యేలా చెప్పానా లేదా అని నాకు పరీక్ష. మీ సిస్టర్ అలా అడగకపోతే మీరే, "నాకు అర్థమైంది ఇది సిస్టర్, సరేనా?" అని తిరిగి చెప్పి చూపండి.

బి.పి., గుండె జబ్బు ఉన్నవారికి

పెద్దవారికి రోజుకు 5 గ్రాముల లోపు ఉప్పు చాలునని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అంటే అన్నీ కలిపి ఒక చిన్న చెంచాడు. మన ఇళ్లలో ఉప్పు కూరలోనే ఉండదు. ఆవకాయ, మాగాయ, గోంగూర పచ్చడి, ఉప్పు చేప, ఎండు రొయ్యలు, అప్పడాలు, వడియాలు, చల్లమిరపకాయలు, మిక్చరు పొట్లం, మజ్జిగలో వేసే చిటికెడు ఉప్పు అన్నీ లెక్కలోకి వస్తాయి. కూరలో కొద్దిగా ఉప్పు వేసి, ఊరగాయ మానిపించడం చప్పిడి కూర పెట్టి ఊరగాయ ఇవ్వడం కంటే మేలు. నిమ్మరసం, చింతపండు, కొత్తిమీర, వెల్లుల్లి, మిరియాలతో రుచి తెప్పించండి. ఉప్పు తక్కువని అమ్మే ప్రత్యేకమైన ఉప్పులో పొటాషియం ఉంటుంది. కిడ్నీ జబ్బు ఉన్నవారు, కొన్ని రకాల బి.పి. మందులు వాడేవారు డాక్టరును అడగకుండా దాన్ని వాడకూడదు.

గుండె బలహీనత ఉన్నవారిని రోజూ పొద్దున, మూత్రానికి వెళ్లి వచ్చాక, టిఫిను తినకముందు తూకం చూడండి. క్యాలెండరు మీద ఆ తేదీ దగ్గర రాయండి. రెండు మూడు రోజుల్లో 2 కిలోలు పెరిగితే అది కండ కాదు, నీరు. ఆయాసం వచ్చేదాకా ఆగకుండా ఆసుపత్రికి ఫోను చేయండి.

మూత్రం ఎక్కువ వచ్చే మాత్ర ఇచ్చినవారు బస్సు ప్రయాణం ఉన్న రోజున దాన్ని మానేస్తుంటారు. మానవద్దు. ప్రయాణం ఉంటే ఏ వేళకు మార్చుకోవచ్చో ముందే అడగండి. బి.పి. తగ్గిందని బిళ్ల ఆపేయడం ఇంకొక పొరపాటు. బిళ్ల వాడుతున్నారు కాబట్టే తగ్గింది.

షుగరు ఉన్నవారికి

భోజనం: "అన్నం మానేసి చపాతీ తింటున్నాను సిస్టర్, అయినా తగ్గలేదు" అంటారు. ఎన్ని చపాతీలు అంటే ఐదారు అంటారు. మన కృష్ణా డెల్టాలో అన్నం మానడం కష్టం, మానక్కరలేదు కూడా. కంచంలో సగం కూరగాయలు, ఆకుకూరలు; పావు వంతు అన్నం; పావు వంతు పప్పు, గుడ్డు లేక చేప. ముందు కూర వడ్డించి తరువాత అన్నం పెట్టండి. వేళకు పెట్టండి.

షుగరు పడిపోతే: ఇన్సులిన్ వేసుకుని లేక బిళ్ల మింగి భోజనం ఆలస్యమైతే షుగరు 70 కంటే పడిపోవచ్చు. పెళ్లిలో పంక్తి కోసం ఎదురుచూస్తున్నప్పుడు, ఓ.పి. లైనులో కూర్చున్నప్పుడు, ఉపవాసం ఉన్నప్పుడు ఇది జరుగుతుంది. శ్రమకాల ఉపవాసమైనా, రంజాన్ అయినా, కార్తీక సోమవారమైనా ముందుగా డాక్టరును అడిగి మందు మోతాదు మార్చుకోవాలి.

గుర్తులు: చెమటలు, వణుకు, గుండె దడ, విపరీతమైన ఆకలి, చూపు మసక, పొంతన లేని మాటలు. తాగినవాడిలా ప్రవర్తించవచ్చు. అప్పుడు:

1. మూడు చిన్న చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించండి. బిస్కెట్టు, చాక్లెట్టు ఆలస్యంగా పనిచేస్తాయి.
2. 15 నిమిషాలు ఆగి షుగరు చూడండి. తగ్గే ఉంటే మళ్లీ ఇవ్వండి.
3. తేరుకున్నాక భోజనం పెట్టండి.
4. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయవద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోను చేయండి.

షుగరు బిళ్లల వల్ల పడిపోయినవారికి కొన్ని గంటల తరువాత మళ్లీ పడిపోవచ్చు. వారిని ఆసుపత్రికి తీసుకురండి.

ఇన్సులిన్: మన దేశంలో సీసాలు రెండు బలాల్లో వస్తాయి, మిల్లీలీటరుకు 40 యూనిట్లు, 100 యూనిట్లు. సిరంజీలు కూడా రెండు రకాలు. 40 సీసాకు ఎర్ర మూత సిరంజి, 100 సీసాకు నారింజ రంగు మూత సిరంజి. ఒకదానితో ఒకటి మారితే మోతాదు రెండున్నర రెట్లు తేడా వస్తుంది. ప్రాణం పోవచ్చు. దుకాణంలో సీసా చూపించి సిరంజి అడగండి. పొట్ట మీద రోజూ ఒకే చోట పొడవవద్దు.

సీసాను ఫ్రిజ్ తలుపు అరలో పెట్టండి, మంచు గట్టే చోట పెట్టవద్దు. గడ్డకట్టిన ఇన్సులిన్ పనికిరాదు. మే నెలలో విజయవాడ ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. అప్పుడు గది చల్లదనం ఇన్సులిన్‌కు చాలదు. ఫ్రిజ్ లేనివారు సీసాను నీళ్లు చొరబడని కవరులో చుట్టి, నీడలో తడి ఇసుక మీద పెట్టిన మట్టి కుండలో ఉంచవచ్చు.

పాదాలు: షుగరు నరాలను మొద్దుబారుస్తుంది. ముల్లు గుచ్చుకున్నా, కాలినా తెలియదు. నొప్పి లేదు కనుక పుండు చిన్నదే అనుకుంటారు. నొప్పి లేకపోవడమే ప్రమాదం. ఆఖరికి వేలు, పాదం తీసేయవలసి వచ్చిన కుటుంబాలను ఈ వార్డులో చూస్తూనే ఉన్నాము.

రోజూ రాత్రి ఎవరో ఒకరు ఆ పాదాలు చూడాలి. కొడుకో, కోడలో, మనవడో అరికాలు, వేళ్ల సందులు దీపం వెలుగులో చూడండి. నాట్లు వేసేటప్పుడు బురదలో చెప్పులు నిలవవు, నిజమే. గట్టుకు వచ్చిన వెంటనే కాళ్లు కడిగి, వేళ్ల మధ్య తుడిచి, చూసుకోవాలి. ఫిబ్రవరిలో గుణదల మాత ఉత్సవాలకు కొండ ఎక్కేవారు, దసరాకు ఇంద్రకీలాద్రికి వెళ్లేవారు చెప్పులు విడిచి నడుస్తారు. షుగరు ఉన్నవారు మెత్తని మేజోళ్లయినా వేసుకోవాలి. ఎండకు కాలిన రాయి మీద నిమిషంలో బొబ్బ వస్తుంది, వారికి తెలియదు. వేడినీళ్లలో కాళ్లు పెట్టే ముందు ఇంకొకరు మోచేతితో వేడి చూడాలి. ఆనెకాయలను బ్లేడుతో కోయవద్దు.

పక్షవాతం

నవ్వమనండి, మూతి వంకర పోయిందా? రెండు చేతులూ ఎత్తమనండి, ఒకటి వాలిపోయిందా? ఒక మాట చెప్పమనండి, ముద్దగా వచ్చిందా? వీటిలో ఒక్కటి ఉన్నా చాలు, పసరు మందు కోసం తిరగవద్దు. 108కి ఫోను చేయండి. మన రాష్ట్రంలో 2005 నుంచి ఈ సేవ ఉచితం.

రక్తనాళంలో గడ్డ అడ్డుపడి వచ్చిన పక్షవాతమైతే గడ్డ కరిగించే సూది నాలుగున్నర గంటల లోపు ఇవ్వాలి. ఎంత ముందు ఇస్తే అంత మేలు. మెదడులో రక్తం చిట్లి వచ్చినదైతే ఆ సూది ఇవ్వకూడదు. ఏదో తేల్చేది సి.టి. స్కానే. కనుక స్కాను ఉన్న ఆసుపత్రికే తీసుకువెళ్లండి. ఇంటి దగ్గర ఆస్ప్రిన్, బి.పి. బిళ్ల, నీళ్లు ఏవీ ఇవ్వవద్దు. మేము మొదట అడిగేది, "ఆఖరిసారి బాగా ఉండగా ఎన్ని గంటలకు చూశారు?" అని. ఆ సమయం గుర్తుపెట్టుకోండి.

ఇంటికి వచ్చాక రెండు గంటలకు ఒకసారి పక్క మార్చాలి, రాత్రి కూడా. నడుము కింద, మడమల దగ్గర ఎర్రబడి, నొక్కినా ఆ ఎరుపు పోకపోతే అది పుండుకు మొదలు. అక్కడ రుద్దవద్దు, బరువు పడకుండా చూసి మాకు చూపించండి. కూర్చోబెట్టి, గడ్డం కొద్దిగా కిందికి దించి, చిన్న ముద్దలు పెట్టండి. దగ్గు వస్తే ఆపండి. పడిపోయిన చేతిని పట్టుకుని లేపవద్దు, భుజం కీలు జారుతుంది.

ఇంటికి వెళ్లే ముందు అడగవలసినవి

ఆటో మాట్లాడే ముందు, బిల్లు కట్టే హడావిడిలో పడకముందు ఈ ప్రశ్నలు అడిగి రాసుకోండి:

1. జబ్బు పేరేమిటి? తెలుగులో చెప్పండి.
2. ఏ మందు దేనికి, ఏ వేళకు, తినకముందా తిన్నాకా, ఎన్ని రోజులు?
3. పాత మందుల్లో ఏవి ఆపాలి? (పాతవి, కొత్తవి కలిపి ఒకే మందు రెండుసార్లు వేసుకోవడం తరచుగా జరుగుతోంది.)
4. ఏ గుర్తు కనిపిస్తే వెంటనే రావాలి?
5. మళ్లీ ఎప్పుడు రావాలి? ఎవరికి ఫోను చేయాలి?

వంట చేసే మనిషిని, మందు ఇచ్చే మనిషిని ఆ సమయానికి పిలిపించండి. సంతకం పెట్టే పెద్దకొడుకు ఒక్కడికి చెబితే చాలదు. ఖర్చు సంగతి ఆరోగ్యమిత్రను అడగండి. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలైన పథకం ఇప్పుడు డాక్టర్ ఎన్.టి.ఆర్. వైద్య సేవగా నడుస్తోంది.

కాగితాలన్నీ ప్లాస్టిక్ కవరులో పెట్టి, ఫోనులో ఫోటో తీసుకోండి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు సింగ్‌నగర్ ప్రాంతంలో రోజుల తరబడి నీళ్లు నిలిచాయి, కరెంటు లేదు. అలాంటి వేళ చీటీ తడిసిపోయినా ఫోటో ఉంటే మందు దొరుకుతుంది. వానాకాలంలో వారానికి సరిపడా మందులు ఎప్పుడూ ఇంట్లో ఉంచుకోండి.

చివరి మాట

1883లో గుంటూరు వచ్చిన డాక్టర్ అన్నా కుగ్లర్ అక్కడ ఆసుపత్రి తెరిచింది 1898లో. భవనం లేవకముందే ఆమె ఇక్కడి స్త్రీలకు వైద్యం చేయసాగారు. ఆసుపత్రి గోడల కంటే రోగి దగ్గర ఉండే మనిషి ముఖ్యమని మన ప్రాంతపు మిషను వైద్యం మొదటినుంచీ ఎరుగును.

లూకా సువార్తలో మంచి సమరయుని సంగతి మీలో చాలామంది విన్నారు. అతడు గాయాలు కట్టి ఊరుకోలేదు. పూటకూళ్ల ఇంటికి తీసుకువెళ్లి, మరునాడు ఆ ఇంటివానికి డబ్బు ఇచ్చి, ఇతనిని చూసుకోమని అప్పగించి, తిరిగి వస్తానని చెప్పి వెళ్లాడు. డిశ్చార్జి రోజున మేము చేసేది కూడా ఆ అప్పగింతే. మీ చేతికి ఇచ్చేది మందుల సంచి ఒక్కటే కాదు, ఒక మనిషిని.

కనుక ఈసారి సిస్టర్ అట్ట పట్టుకుని మంచం దగ్గరకు వస్తే ఓపికగా జవాబు చెప్పండి. ఆమె చెప్పింది అర్థం కాకపోతే సిగ్గుపడకుండా మళ్లీ అడగండి. పదిసార్లు అడిగినా చెప్పడమే మా పని. దేవుడు మిమ్మల్ని, మీ ఇంటివారిని ఆరోగ్యముతో దీవించును గాక.